నోటి వైపు రెండు మిల్లీమీటర్లు

తొడుగు పైకి వెళ్ళిపోయాక ఆమెకు కాలు నిలవదు. ఇది ఇవాళ కొత్తగా వచ్చిన జబ్బేమీ కాదు. చేతిలో పని ఉన్నంతసేపూ మనిషి కదలదు మెదలదు, పిలిచినా పలకదు. పని చేయి దాటిందో, ఇక చూడాలి ఆమె అవస్థ. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే కూర్చోవాలనిపిస్తుంది. ఆసుపత్రి కింది అంతస్తులో, నేలకు దిగువన ఉన్న ఆమె గది ఈ గోడ నుంచి ఆ గోడకు పదకొండు అడుగులు. పొద్దున ఎనిమిదింటి నుంచి ఆ పదకొండు అడుగుల్నీ ఎన్నిసార్లు కొలిచిందో ఆమెకే తెలియదు.

"నేల అరిగిపోతోందమ్మాయ్," అన్నాడు పళ్ళాయన గుమ్మంలో నిలబడి.

పళ్ళాయనంటే పక్క గదిలో కట్టుడు పళ్ళు చేసే పెద్దమనిషి. ముప్పై ఏళ్ళుగా ఊరందరికీ పళ్ళు చేసిపెట్టి, తన నోట్లో ఊడిన రెండింటి సంగతి మాత్రం పట్టించుకోని మహానుభావుడు. ఎవరూ అడక్కుండానే ఆమెకు బాబాయి వరస కలిపేశాడు.

"అరిగితే కొత్త నేల అచ్చేసి పరుస్తాలే బాబాయ్," అంది ఆమె నడక ఆపకుండానే.

పై అంతస్తుల వాళ్ళు ఆమెను అచ్చులమ్మ అంటారు. ఆమె యంత్రం అచ్చేసేది పుస్తకాలను కాదు. అందులో కాగితం ఉండదు, సిరా ఉండదు, పిండి కన్నా మెత్తని తెల్లటి పొడి ఉంటుంది. కంప్యూటర్లో గీసిన బొమ్మ ప్రకారం లేజరు కిరణం ఆ పొడిని పొర మీద పొరగా కరిగించి అతికిస్తూ పోతుంది. నాలుగైదు గంటల తర్వాత పొడి కుప్పను బ్రష్షుతో దులిపితే లోపలి నుంచి వస్తువు బయటపడుతుంది. ఇదివరకు ఒక ఫ్యాక్టరీలో సీసా మూతలకు ఇలాగే నమూనాలు చేసేది. ఇప్పుడు పసిపిల్లల ఊపిరి గొట్టాలకు తొడుగులు చేస్తోంది. మూత సరిపడకపోతే సీసా కారేది, మేనేజరు కాసేపు అరిచేవాడు, అక్కడితో సరి. ఇక్కడ అలా కాదని తెలిసిన నాటి నుంచే ఈ కాలు నిలవని రోగం పట్టుకుంది.

ఇవాళ్టి తొడుగు పదకొండు వారాల పసివాడిది. ఊపిరి గొట్టం రెండు కొమ్మలుగా చీలే చోట వాడికి ఎడమ కొమ్మ గట్టిపడనే లేదు. గాలి పీల్చినప్పుడు తెరుచుకుంటుంది, వదిలేటప్పుడు తడిసిన కాగితం గొట్టంలా అతుక్కుపోతుంది. లోపలి గాలి లోపలే చిక్కుకుని పిల్లాడు నీలంగా మారతాడు. ఆ కొమ్మ మీదికి బయటి నుంచి ఒక తొడుగు ఎక్కించి, గొట్టం గోడను నాలుగు కుట్లతో తొడుగుకు పట్టిస్తే ఇక అది అతుక్కుపోదు. రెండు మూడేళ్ళలో తొడుగు ఒంట్లోనే కరిగిపోతుంది, ఆపాటికి గొట్టం దానంతట అదే నిలబడుతుంది. తొడుగు పూర్తిగా గుండ్రంగా మూసుకుని ఉండదు. ఒక పక్క పైనుంచి కింది దాకా చీలిక ఉంటుంది. ఆ చీలికలోంచే దాన్ని గొట్టం మీదికి ఎక్కిస్తారు. పిల్లాడు పెరిగే కొద్దీ అది విచ్చుకునేదీ అక్కడే.

ఆ చీలికకు ఆమె, పెద్ద డాక్టరు కలిసి మొదటి రోజునే నోరు అని పేరు పెట్టుకున్నారు. సంచికి నోరున్నట్టే దీనికీ నోరు. దానికి ఎదురుగా ఉన్న పక్క వీపు. నోటి వైపు కాస్త పెంచమ్మా, వీపు వైపు మందం తగ్గించమ్మా అనేవాడాయన. ఆయన హయాంలో ఆరు తొడుగులు తయారయ్యాయి. పెద్ద డాక్టరు నెల కిందట రిటైరయ్యాడు. ఆయన స్థానంలో వచ్చిన కొత్త డాక్టరుతో ఇదే మొదటి తొడుగు.

నిన్న మధ్యాహ్నం నమూనా చూసి కొత్త డాక్టరు ఫోను చేశాడు. "చాలా బాగుందండి. నోటి వైపు ఒక్క రెండు మిల్లీమీటర్లు తగ్గించండి చాలు," అన్నాడు. అటు పక్క ఎవరో పిలుస్తున్నారు, ఆయన హడావుడిలో ఉన్నాడు. ఆమె సరేనంది. ఐదు మిల్లీమీటర్ల చీలికను మూడు చేసింది. మార్పుల కాగితం మీద "నోటి వైపు 2 మి.మీ. తగ్గింపు" అని పద్ధతిగా రాసి పంపింది. ఆయన పద్ధతిగా సంతకం చేసి తిప్పి పంపాడు. సాయంత్రానికి తొడుగు తయారైంది, శుభ్రం చేసే గదికి వెళ్ళింది. ఈ ప్లాస్టిక్కు వేడికి కరుగుతుంది కాబట్టి మరిగే ఆవిరి పనికిరాదు. రాత్రంతా మందు వాయువులో ఉంచి, పొద్దున ఆపరేషను గదికి చేర్చారు. పదిన్నరకు ఆపరేషను.

అన్నీ సరిగ్గానే జరిగాయి. మరి చెప్పులో రాయి పడ్డట్టు ఈ గుచ్చుకునేదేమిటి? పెద్ద డాక్టరు ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా నోరు తగ్గించమని అడగలేదు, ఎప్పుడూ పెంచమనే వాడు. కొత్త మనిషి, కొత్త పద్ధతి అయి ఉంటుందిలే అని నిన్న సరిపెట్టుకుంది. ఇవాళ పొద్దుటి నుంచి సరిపెట్టుకోలేకపోతోంది.

"పోనీ పైకెళ్ళి ఆ పిల్లాణ్ణి ఓసారి చూసి రారాదూ? ఇక్కడ తిరిగే తిరుగుడేదో అక్కడ తిరిగితే కాస్త ఎండైనా తగులుతుంది," అన్నాడు పళ్ళాయన.

"నేను పైకెళ్ళను బాబాయ్, నీకు తెలుసుగా."

నిజంగానే వెళ్ళదు. తను తొడుగు చేసిన ఏ పిల్లాడి మొహమూ ఆమె ఇంతవరకు చూడలేదు. చూస్తే తర్వాతి దానికి చెయ్యి వణుకుతుందని భయం. స్కాన్ బొమ్మలో గొట్టాన్ని గొట్టంలా చూసుకుంటే పని నడుస్తుంది. కానీ ఇవాళ కాళ్ళు ఆమె మాట వినేట్టు లేవు. బల్ల మీద పదింతలు పెద్దగా చేసిన గొట్టం బొమ్మ ఉంది, దాని మీద పదింతల తొడుగు కూడా ఉంది. పిల్లాడి ఇంట్లో వాళ్ళకు చూపించి వివరించడానికని ప్రతిసారీ చేసేదే, వార్డు ఆయా వచ్చి తీసుకెళ్తుంది. ఇవాళ ఆయా ఇంకా రాలేదు. ఆ సాకుతో బొమ్మను చంకలో పెట్టుకుని మెట్లెక్కింది.

మూడో అంతస్తులో పసిపిల్లల వార్డు బయట ఒక ముసలావిడ బల్ల మీద సంచులు పరుచుకుని, అక్కడికొచ్చి పదేళ్ళయినట్టు కూర్చుని ఉంది. పిల్లాడి అమ్మమ్మ. నోరున్న మనిషని చూడగానే తెలుస్తోంది. బొమ్మను చూసి వెంటనే పసిగట్టింది.

"నువ్వేనా తల్లీ మా వాడికి గొట్టం చేసింది?"

"గొట్టం కాదండీ, గొట్టానికి తొడుగు."

"ఏదో ఒకటి. గట్టిగా చేశావా?"

"మరీ గట్టిగా ఉండకూడదండీ. కాస్త సాగాలి."

"ఇదేం చోద్యం! గట్టిగా లేకపోతే ఎలా నిలబడుతుందే? మా అల్లుడు లారీలకు స్ప్రింగులు బిగిస్తాడు, అతణ్ణి అడిగినా చెప్తాడు గట్టిగా ఉండాలని." అంతలోనే ఆవిడ గొంతు దిగిపోయింది. "నిన్న రెండుసార్లు నీలమైపోయాడమ్మా. ఇవాళ పొద్దున మళ్ళీ. నా కూతురు లోపలే ఉంది. తొమ్మిది రోజులైంది అది నిద్రపోయి. వెళ్ళు, చూపించు దానికి."

లోపల పిల్లాడు అద్దాల పెట్టెలో ఉన్నాడు. ఆమె అనుకున్న దానికన్నా చాలా చిన్నగా ఉన్నాడు. నోట్లోంచి గొట్టం, దాన్ని పట్టి ఉంచుతూ బుగ్గల మీద పట్టీలు. సూది గుచ్చడానికని తలకు ఒక పక్క జుట్టంతా గొరిగారు. గుప్పిట్లోంచి ఒక వేలు బయటికి వచ్చి ఉంది, ఆ వేలి గోరు కూడా ఆమె తొడుగు అంచు కన్నా పలచగా ఉంది. పక్కనే స్టూలు మీద వాడి తల్లి కూర్చుని ఉంది. అచ్చులమ్మ బొమ్మ చూపించి తొడుగు సంగతి చెబుతుంటే, తల్లి వింటూనే ఉంది కానీ చూపు మాత్రం పిల్లాడి డొక్కల మీంచి తిప్పలేదు.

అటు పక్క పెద్ద సిస్టరు, కొత్తగా చేరిన సిస్టరుకు పని నేర్పుతోంది.

"పైకి తీసుకెళ్ళే ముందు ఈ గొట్టం సరిచెయ్యాలి. మరీ లోపలికుంది. నోటి వైపు అర సెంటీమీటరు లాగు."

కొత్త సిస్టరు చేయి పిల్లాడి పెదాల దగ్గర తచ్చాడింది.

"పెదాలు కాదమ్మా. నోటి వైపంటే పై కొస వైపు. ఊపిరికి సంబంధించింది ఏదైనా సరే, దానికి రెండే వైపులు. ఒకటి నోటి వైపు, ఒకటి ఊపిరితిత్తుల వైపు. ఇది ముందు బాగా గుర్తుపెట్టుకో."

అచ్చులమ్మ చెబుతున్న మాట మధ్యలో ఆగిపోయింది.

"సిస్టర్, ఆపరేషను గదిలో డాక్టర్లు కూడా అలాగే అంటారా?"

"ఎలా?"

"నోటి వైపని. పై కొసను."

"మరింకేమంటారు?" అంది పెద్ద సిస్టరు, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి.

అచ్చులమ్మ చేతిలో ఉన్న బొమ్మను గట్టిగా పట్టుకుంది. ఆ క్షణంలోనే తలుపులు తెరుచుకుని బండి వచ్చింది. పెట్టెను బండికెక్కించారు. తల్లి లేచి నిలబడి పెట్టె మీద చెయ్యి ఆనించి తలుపు దాకా నడిచింది. తలుపు దగ్గర ఆ చేతిని మెల్లగా తప్పించారు.

అక్కడే అరిచి ఆపాల్సింది. ఆపలేదు. ఆమెను మనం ఇక్కడ వెనకేసుకు రానక్కర్లేదు. నిజమా కాదా అని చూసుకోవాలనుకుంది. తనదే పొరపాటైతే? ఉత్తపుణ్యానికి ఆపరేషను ఆపించిన మనిషి అవదా? తన గదిని ఆటబొమ్మల గది అంటూ మూయించాలని చూసేవాళ్ళు పైన ఇద్దరు ముగ్గురు ఉండనే ఉన్నారు. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లన్నీ దిగి, కంప్యూటర్లో పిల్లాడి స్కాన్ తెరిచింది. తొడుగు పై కొసకు ఆనుకుని ఏముందో చూసింది. గుండె నుంచి బయల్దేరిన పెద్ద రక్తనాళం వంపు తిరిగి ఆ ఎడమ కొమ్మ మీదుగానే వెళ్తోంది. పద్నాలుగు మిల్లీమీటర్ల తొడుగు పెడితే దాని పై అంచు సరిగ్గా ఆ నాళానికి రాసుకుంటుంది. పన్నెండే ఉంటే రాసుకోదు.

అదీ ఆయన తగ్గించమన్న రెండు మిల్లీమీటర్లు. ఆమె తగ్గించింది చీలికను. ఇప్పుడా తొడుగు పొడవూ ఎక్కువే, నోరూ ఇరుకే. ఇరుకు నోట్లోంచి గొట్టాన్ని బలవంతాన దూర్చాలి, దూర్చాక ఆ అంచు గుండె కొట్టుకున్న ప్రతిసారీ నాళాన్ని గీకుతూ ఉంటుంది. ఇవాళ కాకపోతే నెలకు, నెలకు కాకపోతే మూడు నెలలకు నాళం తెగుతుంది.

ఫోను చేసింది. ఆపరేషను గది ఫోను ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఆయన చేతిలోకి తీసుకోగానే గమనించడా అని ఒక మనసు, రెండు మిల్లీమీటర్లు కంటికి ఆనతాయా అని ఇంకో మనసు. కాగితం మీద ఆయన సంతకం కూడా ఉంది కదా అని, సిగ్గులేకుండా, మూడో మనసు. మూడోసారి మోగుతున్న ఫోనును అలాగే వదిలేసి బొమ్మను చేత్తో పట్టుకుని పరుగందుకుంది.

"ఏమైందమ్మాయ్?" అన్నాడు పళ్ళాయన గోడకు అంటుకుపోతూ. జవాబు చెప్పే తీరిక ఎవరికుంది?

నాలుగో అంతస్తు చేరేసరికి ఊపిరి అందట్లేదు. ఆపరేషను గదుల ముందు కూర్చున్న సిస్టరు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎక్కడికండీ? చెప్పులు! చెప్పులు!"

ఆమె చెప్పులు విడిచింది. ఒకటి బల్ల కిందికి పోయింది. వట్టి కాళ్ళతోనే లోపలికి దూసుకెళ్ళింది. కొత్త డాక్టరు కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు నురగతో నిలబడి ఉన్నాడు. ఇంకా మొదలుపెట్టలేదు.

"డాక్టరు గారూ, నోరంటే ఏదండీ?"

"ఏంటి?"

"నిన్న ఫోన్లో నోటి వైపు తగ్గించమన్నారు. నోరంటే ఏదండీ?"

ఆయనకు కోపం వచ్చినట్టే ఉంది. అయినా ఆమె మొహంలో ఏదో చూసినట్టున్నాడు. మాస్కు వెనకున్న తన నోటి వైపు తడిచేత్తో చూపించాడు. "ఇదే. నోరు. పిల్లాడి నోటి వైపు కొస."

ఆమె బొమ్మను పైకెత్తి పట్టుకుంది. పదింతల తొడుగు చీలికలో నాలుగు వేళ్ళూ పెట్టింది. "మా గదిలో నోరంటే ఇదండీ. నేను దీన్ని తగ్గించాను."

కుళాయి అలా పారుతూనే ఉంది. ఎవరూ కట్టలేదు. ఆయన ఆ వేళ్ళను చూశాడు, బొమ్మ పై కొసను చూశాడు. ఆయనకు ఇంకేమీ వివరించాల్సిన అవసరం రాలేదు.

"పొడవు?"

"పద్నాలుగే ఉందండీ. నోరు, అంటే చీలిక, మూడు."

"కాగితం మీద నేను సంతకం పెట్టాను."

"పెట్టారండీ. నేను రాశాను, మీరు పెట్టారు."

ఆయన లోపలికి తల తిప్పి మత్తు డాక్టరును పిలిచాడు. మత్తు డాక్టరు పెద్దావిడ, మాట పొదుపు. సంగతి విని, "రేపటికి కొత్తది అవుతుందా?" అంది.

"అచ్చుకు ఐదు గంటలు, శుభ్రానికి రాత్రంతా. రేపు పొద్దుటికి."

"పిల్లాడికి మత్తు ఇచ్చేశాను. పొద్దుటి నుంచి మూడుసార్లు నీలమయ్యాడు. తిప్పి పంపి రేపు మళ్ళీ తెమ్మంటే తెస్తారు. రేపటిదాకా ఉంటాడని మాత్రం నేను మాట ఇవ్వలేను."

కొత్త డాక్టరు ఆమె వైపు తిరిగాడు. "ఉన్నదాన్ని కోస్తే?"

"కోయొచ్చండీ. పొరలు పొరలుగా అతికింది కదా, అడ్డదిడ్డంగా కోస్తే పొర లేస్తుంది. లేచిందంటే ఇక పనికిరాదు."

"పొరలు ఎటున్నాయో నాకెలా తెలుస్తుంది?"

"మీకు తెలియదండీ. నాకు తెలుసు."

అన్నాక కానీ ఆమెకు అర్థం కాలేదు తను ఏమందో. ఆయన పక్క కుళాయి వైపు మోచేత్తో చూపించాడు. "అయితే చేతులు కడుక్కోండి."

సిస్టరు ఆమెకు మాస్కు కట్టి చేతులు ఒకసారి కడిగించింది, సరిపోలేదని మళ్ళీ కడిగించింది. గోళ్ళ సందులు చూసింది. పచ్చటి గౌను తొడిగి వెనక ముడేసి, చేతులకు గ్లౌజులు వేసింది. లోపల దీపం కింద చిన్న బల్ల, దాని మీద భూతద్దం, పళ్ళెంలో ఆమె తొడుగు. ఆ పక్కన పచ్చటి గుడ్డల మధ్య అరచేతి మేర చర్మం కనిపిస్తోంది. అది పిల్లాడని తెలిసి అటు చూడటం మానేసింది.

సన్నటి పట్టుకారుతో తొడుగును పట్టుకుని డాక్టరు ముందుకు చాపింది. ఏ వైపని అడగలేదు. ఆయనా మాటలతో చెప్పలేదు. సన్నటి సూదిమొనతో ఒక కొసను తాకాడు. ఆమె అదే చోటును తాకింది. ఆయన తలూపాడు. తర్వాత చీలిక ఒక అంచు, రెండో అంచు. మళ్ళీ తాకడం, మళ్ళీ తలూపడం. పక్కనున్న సిస్టరుకు ఇదంతా మూగ ఆటలా కనిపించి ఉంటుంది, కానీ ఎవరూ నవ్వలేదు.

కత్తి పెట్టింది. ఈ చేతులే నిన్నటిదాకా ప్రతి చిన్నదానికీ యంత్రం మీద ఆధారపడ్డాయి. పొర వెంబడి కొద్దికొద్దిగా, నొక్కకుండా, లాగుతూ కోసింది. పై కొసలో రెండు మిల్లీమీటర్ల చుట్టు ఊడి పళ్ళెంలో పడింది. చీలిక మొదటి అంచు కూడా సాఫీగానే వచ్చింది. రెండో అంచు చివర్లో పొర ఒకటి వెంట్రుకంత లేచింది. కత్తి తీసేసింది. కత్తిని బోర్లించి, లేచినదాన్ని కింది నుంచి పైకి గీసింది. ఊడింది. కింది పొర చెక్కుచెదరలేదు. అంచులన్నీ నునుపు చేసి, ఉప్పునీళ్ళతో మూడుసార్లు కడిగి, రజను ఏమైనా మిగిలిందేమోనని భూతద్దం కింద చుట్టూ తిప్పి చూసింది. కొలబద్ద పెట్టింది.

"పన్నెండు. ఐదు."

"ఏది పన్నెండు?" అన్నాడు డాక్టరు.

"పొడవు పన్నెండు. చీలిక ఐదు."

"సరే. ఇక్కడే ఉండండి. ఎక్కించాక మళ్ళీ కోయాల్సి రావచ్చు."

అలా ఆమె చూడాల్సి వచ్చింది. స్కాన్ బొమ్మలో ఎన్నోసార్లు చూసిన ఆ కొమ్మ ఇక్కడ గులాబి రంగులో, తడిగా, మెరుస్తూ ఉంది. యంత్రం గాలి పంపినప్పుడు ఉబ్బుతోంది, తీసుకున్నప్పుడు పూర్తిగా చప్పబడి అతుక్కుపోతోంది. ఆయన తొడుగు నోరు విప్పి దాని మీదికి జార్చాడు. మొదటి కుట్టు, రెండోది, మూడోది, నాలుగోది. యంత్రం గాలి తీసుకుంది. కొమ్మ తెరుచుకునే ఉంది. మళ్ళీ తీసుకుంది. తెరుచుకునే ఉంది. రక్తనాళం ఆ పక్కనే, దేనికీ తగలకుండా, తన మానాన తాను కొట్టుకుంటోంది. మాస్కులోకి ఆమె కళ్ళ నీళ్ళు ధారగా కారిపోయాయి. గ్లౌజులున్న చేతులతో తుడుచుకోకూడదని సిస్టరు కసిరింది.

బయట అమ్మమ్మ, తల్లి తలుపుకు ఎదురుగా నిలబడే ఉన్నారు.

"బాగానే జరిగిందమ్మా. గొట్టం తెరుచుకుని ఉంది. ఓ గంట ఆలస్యమైంది, అంతే," అన్నాడు డాక్టరు. అని అచ్చులమ్మ వైపు ఒకసారి చూశాడు. ఇక్కడితో ఆపేయొచ్చు అన్నట్టుంది ఆ చూపు.

అమ్మమ్మ అప్పటికే దండాలు పెట్టేస్తోంది. ఆ దండం తనవైపు తిరిగేసరికి ఆమె తట్టుకోలేకపోయింది.

"ఆలస్యం నా వల్లే అయిందండీ. తొడుగు తప్పు చేశాను. ఆయన ఒక కొస తగ్గించమంటే నేను ఇంకోటి తగ్గించాను. చివర్లో తెలిసి అక్కడే కోసి సరిచేశాం."

"ఇద్దరి వల్లా," అన్నాడు డాక్టరు. "నేను చూడకుండా సంతకం పెట్టాను."

అమ్మమ్మ చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. తల్లి మాత్రం ఆ పూటలో మొదటిసారి ఆమె మొహంలోకి సూటిగా చూసింది.

"ఎలా తెలిసింది?"

"వార్డులో సిస్టరు మాట విన్నానండీ. మీ దగ్గర నిలబడ్డప్పుడు."

"అందుకే పైకొచ్చారా?"

"లేదండీ. ఊరికే వచ్చాను. కూర్చోలేక."

"ప్రతి పిల్లాడికీ వస్తారా?"

"లేదు. ఇదే మొదటిసారి."

"ఊరికే వచ్చారు," అంది తల్లి మెల్లగా. తిట్టలేదు. తిరిగి తలుపు వైపు మొహం పెట్టుకుని నిలబడింది. తిట్టి ఉంటే బావుండేదని అచ్చులమ్మకు అనిపించింది.

కిందికి వచ్చేసరికి పళ్ళాయన టీ తెచ్చి బల్ల మీద పెట్టి, మూత కూడా పెట్టి ఉంచాడు. కబురు అప్పటికే ఆయనకు చేరింది. ఆ ఆసుపత్రిలో కబుర్లు లిఫ్టు కన్నా ముందు దిగుతాయి.

"బతికాడు కదమ్మాయ్. ఇక కూర్చో."

కూర్చోలేదు. బీరువా తెరిచి పాత ఫైళ్ళు తీసింది. ఆరు ఫైళ్ళనూ బల్ల మీద పేర్చి, నిలబడే ఒక్కొక్కటీ తిప్పింది. మొదటి నాలుగూ పెద్ద డాక్టరువి. ఆయనకూ ఆమెకూ నోరంటే ఒకటే, ఎక్కడా గొడవ లేదు. ఆరోదీ ఆయనదే. ఐదోది తెరిచింది. అప్పట్లో ఆయన మోకాలికి ఆపరేషను చేయించుకుని నెల రోజులు రాలేదు. వేరే ఆసుపత్రి నుంచి ఒకాయన వచ్చి చేసి వెళ్ళాడు. ఆయనతోనూ మాటలన్నీ ఫోన్లోనే. మార్పుల కాగితం మీద తన అక్షరాలే, గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి: "నోటి వైపు 1 మి.మీ. పెంపు."

చీలికను ఒక మిల్లీమీటరు పెంచినట్టు ఆమెకు బాగా గుర్తుంది. ఆయన పెంచమన్నది చీలికనేనా? పై కొసనైతే, ఆ పిల్ల గొట్టంలో ఒక మిల్లీమీటరు మెత్తటి ముక్క తొడుగు లేకుండా మిగిలిపోయిందన్నమాట. ఆ పిల్లకు ఇప్పుడు రెండేళ్ళు దాటి ఉంటాయి.

"టీ చల్లారిపోతోంది," అన్నాడు పళ్ళాయన.

"ఉండు బాబాయ్." ఫైలు అట్ట మీదున్న నంబరుకు ఫోను చేసింది. డాక్టరుకు చెప్పి చేయాలా, పైవాళ్ళను అడిగి చేయాలా అన్నది నొక్కేశాక గుర్తొచ్చింది. అప్పటికే అవతల ఎత్తారు. వెనకాల ఎవరో చిన్నపిల్ల కేకలు పెడుతూ పరిగెడుతోంది, ఏదో కింద పడిన చప్పుడు.

"ఎవరండీ?"

"ఆసుపత్రి నుంచండీ. రెండేళ్ళ కిందట మీ పాపకు ఊపిరి గొట్టం మీద తొడుగు వేశారు కదా, అది చేసినదాన్ని నేను." ఆమె గుక్క తిప్పుకుంది. "మాట తప్పుగా అర్థం చేసుకుని ఒక మిల్లీమీటరు తేడా చేశానేమోనని అనుమానం వచ్చిందండీ. అవ్వొచ్చు, కాకపోవచ్చు. ఒకసారి స్కాన్ తీసి చూడాలి."

పిల్ల కేకలు దూరమయ్యాయి. ఆ తల్లి ఫోను పట్టుకుని ఇంకో గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నట్టుంది. తిట్లకు సిద్ధపడి అచ్చులమ్మ కళ్ళు మూసుకుంది.

"అది పరిగెత్తి వచ్చినప్పుడు వీపుకు చెవి ఆనిస్తే కుయ్‌మని సన్నగా వినిపిస్తుందండీ," అంది ఆ తల్లి, గొంతు బాగా తగ్గించి. "ముగ్గురు డాక్టర్లకు చూపించాను. ఏమీ లేదన్నారు. మా ఆయనకు వినపడదు. మా అత్తగారు నాకే చెవుల్లో ఏదో మోగుతోందంటారు. రెండేళ్ళుగా నాకే పిచ్చేమో అనుకుంటున్నానండీ. ఇవాళే తీసుకురానా?"